రెండు దీవుల ఖర్చు, మూడో ఊరి లొల్లి

నిజామాబాద్,
7 జూలై 2024

భీమన్న మామకు శ్రీవాణి దండం పెట్టి రాస్తున్న.

ఫోన్ ఉండంగ ఈ పిల్లకు ఉత్తరమేంది అని నవ్వకు. పోయిన నెల ఫోన్ల ఏమైందో యాదికున్నదిగద. నువ్వు నా పెండ్లి మాటెత్తితివి, నేను నీ పెండ్లి మాటెత్తితి, నడుమల అవ్వ ఫోన్ గుంజుకొని ఇద్దర్నీ తిట్టె. యాభై దాటినా పెండ్లి చేసుకోని తమ్ముడు, ఇరవై ఏడు దాటినా చేసుకోని బిడ్డ, ఆమె బాధ ఆమెది. అందుకే ఇగ నుంచి కాయితం మీద రాసి, ఫొటో తీసి పంపుత. నువ్వు గూడ గట్లనే చెయ్యి. రాసేటప్పుడు నడుమల ఎవ్వరు మాట అందుకోరు.

రుద్రూర్ తొవ్వల మన బోధన్ చక్కెర మిల్లు మూతపడ్డంక నువ్వు ఫిజీ మిల్లుకు పోయి ఏడేండ్లాయె. బాపు చెరుకు మానేసి వరి పెట్టుకున్నడు. అవ్వ బీడీలు అవ్వకే ఉన్నయి. మిల్లు గేటు ముందల ఇప్పుడు మక్క కంకులు కాలుస్తున్నరు.

అసలు సంగతి. నా పీహెచ్‌డీ అంశం ఖాయమైంది. మా గైడ్ సార్ పసుపు మార్కెట్ మీద చెయ్యమన్నడు. అందరు చేసిందే నేనెందుకు చెయ్యాలె, నాకు ఫిజీ కావాలె అన్న. "బోధన్ పిల్లకు ఫిజీ ఎందుకమ్మా?" అన్నడు. "బోధన్ మనిషి ఫిజీల చక్కెర వండుతుంటె తప్పులేదు, బోధన్ పిల్ల ఫిజీ గురించి రాస్తె తప్పా సార్?" అన్న. సంతకం పెట్టిండు గని మొకం మాడ్చుకున్నడు.

ఇగ నీ సాయం కావాలె. ఫిజీల ఖర్చు సంగతి నాకు రాయి. ఏండ్ల సంది ఎట్ల పెరుగుతున్నది, దేనికి ఎక్కువ పోతున్నది, ఏడ దుబారా అయితున్నది, అన్ని ఉన్నదున్నట్టు రాయి. మొకమాటం పడకు, దాచకు.

నీ మేనకోడలు,
శ్రీవాణి

———

విటిలేవు దీవి, ఫిజీ,
21 జూలై 2024

బిడ్డ శ్రీవాణికి మామ భీమన్న దీవించి రాసుడేందంటె, ఇక్కడ నేను మంచిగనే ఉన్న. క్రషింగ్ షురు అయింది. లారీల చెరుకు దిగుతున్నది, చెరుకురసం కాచే పాన్ మీద నా పని నాకున్నది. పాకం కాగి గింజ కట్టేదాంక కండ్లు తిప్పనియ్యదు. ఒక్క నిమిషం అటు జూస్తె గింజ ముద్దయితది.

నీ ఉత్తరం సదివిన. నాకొక మాట సెప్పు. ఇది నువ్వడిగినవా, మీ అవ్వ అడిగించిందా?

నా కర్సు మీద మీకు గంత అనుమానమెందుకు బిడ్డా? సరే, అడిగినవ్ కాబట్టి సెప్త. నారాయణమ్మ అనే ముసలామె ఇంట్ల కిరాయికుంట. ఆమె తాతలు మన తెలుగోళ్లే అంట, గని ఆమెకు "అన్నం", "రా", "పో" తప్ప తెలుగు రాదు. ఉప్పు పప్పు, కర్రపెండలం గడ్డ, ఆదివారం చాపల పులుసు. గిదే నా తిండి. దుబారా అంటవా? శనివారం శనివారం యంగోనా తాగుత. ఏర్లు దంచి నీళ్లల్ల పిసికిన రసం గది. వాగు నీళ్ల లెక్కుంటది, నాలుక తిమ్మిరెక్కుతది. దోస్తులు కూసొని తాగుతుంటె నేను గోడదిక్కు సూస్కుంట కూసోవాల్నా? నిరుడు ఒక రేడియో కొన్న. గదీ దుబారానే రాసుకో.

"దాచకు" అన్నవ్. నేను జిందగీల ఏం దాచిన సెప్పు. మీ అవ్వకు సెప్పు, నా కర్సు నాది. ఒకరికి లెక్క సెప్పే అవసరం నాకు లేదు.

కోపమైతె కాలే. నువ్వు మంచిగ సదువుకో.

మామ,
భీమన్న

———

నిజామాబాద్,
11 ఆగస్టు 2024

మామా,

నీ ఉత్తరం నా రూముల ఉండే వాజిదాకు చదివి వినిపిస్తుంటె ఆమె నవ్వలేక మంచం మీద పడ్డది. నేనడిగింది నీ ఖర్చు కాదు మామా, ఫిజీ సర్కారు ఖర్చు! నీ యంగోనా నువ్వు సుఖంగ తాగు. అవ్వకు ఒక్క మాట చెప్పలే, రేడియో సంగతి గూడ చెప్పలే.

మొదట్నే విడమర్చి రాసేది ఉండె. ఇప్పుడు రాస్త.

నాకు రెండు దీవులు కావాలె. ఒకటి నువ్వున్న ఫిజీ. ఇంకోటి మారిషస్. రెండూ చెరుకు దీవులే. రెండింటికీ ఇంగ్లిషోడు మన దేశం కూలీలను ఓడలెక్కించి తీసుకపోయిండు. స్వతంత్రం గూడ ఒక్క కాలంలనే వచ్చింది, మారిషస్‌కు అరవై ఎనిమిదిల, ఫిజీకి డెబ్బైల. రెండూ చెరుకు మీదనే బతికినయి. గని ఇయ్యాల చూస్తె, మారిషస్ల తలకు వచ్చే రాబడి ఫిజీకి ఇంచుమించు రెండింతలు. ఎందుకు? నా చదువంత ఈ ఒక్క "ఎందుకు" మీదనే.

సర్కారు ఖర్చు ఇంటి ఖర్చు లెక్కనే మామా. ఏ ఇల్లు దేనికి పెట్టిందో చూస్తె, ఆ ఇంటోళ్లు దేనికి భయపడ్డరో, దేన్ని నమ్మిండ్రో తెలుస్తది. మారిషస్ సైన్యమే పెట్టుకోలే. బడికి, దవాఖానకు, ముసలోళ్ల పింఛనుకు పెట్టింది. డెబ్బై ఏడు నుంచే హైస్కూలు దాంక ఫీజు లేదు. మన తెలుగు చెప్పే పంతుళ్లకు గూడ అక్కడి సర్కారే జీతమిస్తది తెలుసా! ఫిజీ సైన్యం పెట్టుకున్నది. ఎనభై ఏడుల ఆ సైన్యమే సర్కారును దించింది, అటెన్క గూడ దించింది. దించినప్పుడల్ల చదువుకున్నోళ్లు మూటలు కట్టుకొని వేరే దేశాలకు పోయిండ్రు.

నా మూడో చాప్టర్ తెలుగుల రాసి ఇందుల పెడుతున్న. నువ్వు చదివి, అక్కడ ఉన్న మనిషిగ ఏమనిపిస్తదో రాయి. ఈడ వానలు బాగనే పడ్డయి. పోచంపాడ్ డ్యాం గేట్లు ఎత్తుతరంట, వాజిదా, నేను చూడపోతం.

శ్రీవాణి

———

విటిలేవు, ఫిజీ,
8 సెప్టెంబర్ 2024

శ్రీవాణికి,

నీ మూడో చాప్టర్ రెండుసార్లు సదివిన. సదివి నాలుగు దినాలు నీకేం రాయలే. కోపం దిగుతదేమో అని సూసిన. దిగలే.

"వెనుకబడిన ఫిజీ" అని రాసినవ్. ఎవరు బిడ్డా ఎనుకబడ్డది? ఇక్కడ బడి పిల్లలకు ఫీజు లేదు. బస్సెక్కితె కార్డు గీకుతరు, ఆ కార్డుల సర్కారే పైస ఏస్తది. మా గల్లీ పిల్లలు పొద్దున తెల్లంగి ఏసుకొని ఆఫీసుకు పోతున్నట్టు పోతరు. ఇక తుఫాను సంగతి? నేను వచ్చే ముందటేడు పెద్ద తుఫాను కొట్టి ఇండ్ల కప్పులు లేపుకపోయిందంట. నారాయణమ్మ ఇంటి సగం గోడ ఇంకా కొత్త ఇటుకతోనే ఉన్నది. కట్టిన బడినే మళ్ల కట్టుకునే దేశానికి పైస ఏడ మిగుల్తది? నీ లెక్కల తుఫాను ఏడున్నది?

గది పోనీ. ఇంకో మాట కాడ నా కండ్లాగినయి. "మారిషస్‌లో ఇరవైకి పైగా ఉన్న మిల్లుల్లో మూడో నాలుగో మిగిలాయి. అయినా దేశం బాగుపడింది" అని రాసినవ్. అయినా! గా ఒక్క మాట రాసెతందుకు నీకు చెయ్యెట్లొచ్చింది? మన మిల్లు మూస్తె ఎంతమంది రోడ్డుమీద పడ్డరో నీకెరుకలేదా? ఇస్రార్ సాబ్ బాయిలర్ కాడ నిలవడితె పులి లెక్కుండె. ఇయ్యాల బోధన్ బస్టాండ్ల దస్తీలు అమ్ముతున్నడు. నేను ఊరొదిలి, అక్కనొదిలి, నీళ్ల నడుమ పడ్డ. మిల్లు మూసుడే మంచిదని రాసె పుస్తకానికి డాక్టరు పట్టా ఇస్తరా?

నేను ఎనుకబడ్డ దేశంల ఉన్న ఎనుకబడ్డోన్ని. నాకేం తెలుస్తది.

భీమన్న

———

బోధన్,
13 అక్టోబర్ 2024

మామా,

పండుగకు ఇంటికొచ్చిన. సద్దుల బతుకమ్మ నాడు అవ్వ నీ పేరు మీద సత్తుముద్దలు పక్కకు పెట్టి, "వాడు తినేది ఎప్పుడో" అనుకుంట నాకే తినిపించింది.

నీ కోపం చూసిన. నేను గూడ నెల రోజులు రాయలే. ఇప్పుడు రాస్తున్న, గని ఒదిగి రాయ.

తుఫాను ఐదో చాప్టర్ల ఉన్నది. నీకు పంపింది మూడోది. తుఫానుకు ఎంత పోయింది, మళ్ల కట్టెతందుకు ఏ ఏడు దేంట్ల కోత పెట్టిండ్రు, మొత్తం రాసిన. ఫీజు లేని బడి, బస్సు కార్డు గూడ రాసిన. అది వాళ్లు చేసిన మంచి పని, గని మారిషస్ కంటె ఎన్నో ఏండ్లు ఆలస్యంగ చేసిండ్రు. మారిషస్‌ను గూడ నెత్తికెత్తుకోలే. ఆ దేశం ఇప్పుడు అప్పుల ఎట్ల మునుగుతున్నదో రాసిన. "వెనుకబడిన" అనే మాట మాత్రం తియ్య. మా మామ ఉన్నడని ఒక దేశాన్ని గొప్ప చేస్తె నా చదువెందుకు? దేశం వెనుకబడ్డది అంటె అండ్ల ఉన్న మనిషి వెనుకబడ్డడని కాదు. నీకు ఈ సంగతి తెలుసు, కోపంల మర్చిపోయినవ్.

ఇగ మిల్లుల సంగతి. దానికి ఆరో చాప్టర్ ఉన్నది, నీలాంటోళ్ల మీదనే. ఇంకా పంపలే, ఎందుకంటె సార్ దగ్గర ఆగింది. "ఇది ఎకనామిక్స్ కాదమ్మా, ఏడుపు. తీసెయ్యి" అంటున్నడు. తియ్య అన్న. మళ్ల మళ్ల అంటున్నడు. మళ్ల మళ్ల తియ్య అంటున్న.

ఒక సంతోషం గూడ ఉన్నది. పేపరోళ్లు ఆదివారం పేజీకి ఒక వ్యాసం అడిగిండ్రు. రెండు దీవుల మిల్లుల గురించి రాసిచ్చిన. ఫొటోతో సహా వస్తది. వచ్చినంక చదివి అప్పుడు తిట్టు.

శ్రీవాణి

———

ఫిజీ,
11 నవంబర్ 2024

శ్రీవాణి,

సదివిన. ఇస్రార్ సాబ్ పంపిండు. "నీ కోడలు మన గోరి తవ్వింది భీమన్నా" అని కింద రాసిండు.

"మిల్లులు మూసి గెలిచిన మారిషస్." గింత పెద్ద అచ్చరాలు. పక్కన నీ ఫొటో, నవ్వుకుంట. అండ్ల పనోళ్ల ముచ్చట ఒక్కటన్న ఉన్నదా? ఎతికిన. లేదు.

దాని ఎంబడి ఒక వీడియో గూడ పంపిండు. హైదరాబాద్ నుంచి ఎవడో సూటేసుకున్నోడు వచ్చి, మన మిల్లు భూమి ప్లాట్లు చేసి అమ్ముకుందమని మిల్లు సంగతి తేల్చే కమిటీకి సెప్తున్నడు. సేతుల నీ పేపరు పట్టుకున్నడు. "మీ ఊరి ఆడబిడ్డ రాసిందే సెప్తున్న" అంటున్నడు.

నీకు అ ఆలు దిద్దించింది నేను. గందుకేనా?

ఇగ నాకు రాయకు.

———

నిజామాబాద్,
20 నవంబర్ 2024

మామా,

రాయొద్దన్నవ్. రాస్తున్న. క్షమించు అని మాత్రం రాయ, ఎందుకంటె నేను తప్పు చెయ్యలే.

నేను రాసిచ్చింది రెండు భాగాలు. మొదటిది, మారిషస్ ఎన్ని మిల్లులు మూసింది. రెండోది, మూసేముందు పనోళ్లకు ఏం పెట్టింది. పేపరోళ్లు జాగ లేదని రెండోది కోసేసిండ్రు. హెడ్డింగు గూడ వాళ్లదే. ఫోన్ చేస్తె "వచ్చే వారం చూద్దం మేడం" అన్నరు. సవరణ రాసి పంపిన, వెయ్యలే. మళ్ల పంపిన, వెయ్యలే. నువ్వు తిట్టకముందే నేను తిట్టుకున్న. అడిగి తెలుసుకోక "ఇగ రాయకు" అన్నది నువ్వు. ఆ మాట గట్టిగనే తాకింది.

ఇప్పుడు పోయిన ఆదివారం ఏమైందో విను. ఎవరో చెప్పేకంటె నేనే చెప్త.

బోధన్ ఫంక్షన్ హాల్ల మిల్లు భూమి మీద కమిటీ మీటింగ్ పెట్టిండ్రు. సార్ ముందురోజే ఫోన్ చేసి, "పోకు. నోరు మూసుకొని ఉంటె వచ్చే ఏడాదికి పట్టా చేతికొస్తది" అన్నడు. పోయిన. అవ్వ గూడ వస్త అన్నది. బీడీల చాట పక్కకు పెట్టి, మంచి చీర కట్టుకొని వచ్చింది.

పనోళ్లు వెనుక వరుసల కూసున్నరు. ఇస్రార్ సాబ్ నన్ను చూసి మొకం తిప్పుకున్నడు. స్టేజి మీద ఆ సూటాయన గోడకు పెద్ద నక్ష వేలాడదీసిండు. పచ్చది పార్కు, నీలంది ఈత కొలను, మిగిలినయి ప్లాట్లు. "పాత ఇనుము పట్టుకొని ఎన్నేండ్లు ఏడుస్తరు? మారిషస్ ఏడ్వలే. మూసింది, ముందుకు పోయింది. ఇది నా మాట కాదు, మీ ఊరి స్కాలర్ మాట" అన్నడు.

నేను లేచిన.

"సార్, ఆ స్కాలర్‌ను నేనే."

ఆయన మస్తు ఖుష్ అయిండు. "రా అమ్మా, స్టేజి మీదికి రా. చప్పట్లు కొట్టుండ్రి" అన్నడు.

"వద్దు సార్, ఈడ్నుంచే వినిపిస్తది. నేను రాసిన దాంట్ల సగమే మీరు చదివిండ్రు. మిగిలింది నేను చెప్త. మారిషస్ల మిల్లు మూసేముందు ఒక్కో పనోనికి చేసిన సర్వీసుకు తగ్గ పైకం ఇచ్చిండ్రు. దాంతోపాటు ఇంటి జాగ ఇచ్చిండ్రు, రోడ్డు, నీళ్లు, కరెంటు పెట్టించి ఇచ్చిండ్రు. దయతలచి ఇయ్యలే, పనోళ్ల సంఘాలు కొట్లాడితె చట్టం చేసి ఇచ్చిండ్రు. మీ నక్షల పార్కున్నది, ఈత కొలను ఉన్నది. పనోళ్ల జాగ ఏది? చూపెట్టుండ్రి."

ఆయన నవ్వు తగ్గలే. "అమ్మా, నువ్వు చిన్నదానివి. అది ఒక దేశం. దేశానికి బడ్జెట్ ఉంటది. ఇది మూల పడ్డ ఒక మిల్లు."

"ఆ దేశం మొత్తం కలిపినా మన జిల్లాల సగం లేదు సార్. మంది గూడ మన కంటె తక్కువే. గంత చిన్న దీవి చెయ్యగల్గింది, గింత పెద్ద జిల్లా ఎందుకు చెయ్యదు?"

ఎవరో మైకు బంద్ చేసిండ్రు, నా కాడ మైకే లేదని చూసుకోలే. అప్పుడు వెనుక కుర్చీ జరిగిన సప్పుడు. ఇస్రార్ సాబ్ లేచి నిలవడ్డడు. "బేటీ సచ్ బోల్‌రీ, నిజం చెప్తున్నది. నక్షల మా జాగ చూపెట్టు సాబ్! చూపెట్టినంకనే మాట!" అని అరిచిండు. ఒక్కొక్కరు లేచిండ్రు. అవ్వ గూడ లేచింది. మన అవ్వ మామా! నలుగురిల నోరిప్పని మనిషి, "చూపెట్టుండ్రి" అని కొంగు నడుముకు దోపుకొని నిలవడ్డది. మిల్లు నడుస్తున్నప్పుడు గూడ గంత సప్పుడు నేను వినలే.

సూటాయన నక్ష చుట్టుకున్నడు. తీర్మానం మార్చి నెలకు వాయిదా వేసిండ్రు. ఆపలే, వాయిదా మాత్రమే. గెలిచినమని నేను అంటలే.

మర్నాడు మా గైడ్ సార్ పిలిచిండు. "రీసెర్చ్ చేస్తున్నవా, రాజకీయం చేస్తున్నవా? ఆరో చాప్టర్ తీసెయ్యి. లేకుంటె వేరే గైడ్‌ను చూసుకో" అన్నడు. "చూసుకుంట సార్" అని ఫైలు తీసుకొని వచ్చిన. ఒక ఏడాది వెనుకకు పోత. పోనీ.

నువ్వు చదివినవో లేదో నాకెట్ల తెలవాలె? గని రాసుడు మాత్రం బంద్ చెయ్య.

శ్రీవాణి

———

నిజామాబాద్,
5 జనవరి 2025

మామా,

నీ దగ్గర్నుంచి ఉలుకు లేదు, పలుకు లేదు. అవ్వ ఫోన్ చేస్తె మాట్లాడుతున్నవంట, నా పేరు తీస్తె లైను కలుస్తలేదంటున్నవంట.

ఆరో చాప్టర్ పంపుతున్న. పదిహేను పేజీలు, తెలుగుల రాసేసరికి వేళ్లు వాచినయి. చదివితె చదువు, లేకుంటె యంగోనా గిన్నె కింద పెట్టుకో. నాకు కొత్త గైడ్ దొరికింది. పెద్ద మేడం, రిటైర్ అయ్యెతందుకు రెండేండ్లే ఉన్నది. "నాకు ఇగ ఎవర్ని చూసి భయపడే పనిలేదు, రా" అన్నది.

శ్రీవాణి

———

విటిలేవు, ఫిజీ,
16 ఫిబ్రవరి 2025

బిడ్డ శ్రీవాణికి మామ రాసుడు.

నీ నవంబర్ ఉత్తరం అందిన రోజే సదివిన. జవాబు రాద్దమని కూసుంటె ఏం రాయాల్నో తోసలే. కోపం పోయింది, సిగ్గొచ్చింది. సిగ్గొచ్చినోనికి కోపమొచ్చినోని కంటె రాసుడు కష్టం. మీ అవ్వ లేసి నిలవడ్డదన్న కాడ మాత్రం నేను ఒక్కన్నే గదిల కూసొని "శభాష్ అక్కా" అని అరిస్తె నారాయణమ్మ ఉరికొచ్చింది.

ఆరో చాప్టర్ సదివినంక ఊకుండ బుద్ధి కాలే. ఇక్కడ గూడ సీజన్ అయిపోయింది, మిల్లు ఇంకెన్నేండ్లు నడుస్తదో అని గుసగుసలు షురు అయినయి. జోనే అని నా దోస్తు ఉన్నడు, తాతముత్తాతల సంది ఈ దీవోడే, మిల్లు పనోళ్ల సంఘంల పెద్ద. ఆయనకు నీ కాయితం సంగతి సెప్పిన. "మీటింగ్ల సదువు" అన్నడు.

గది మేనేజర్ సెవుల పడ్డది. పిల్సి మంచిగనే మాట్లాడిండు. "నువ్వు బయటి దేశం మనిషివి భీమన్నా. మార్చిల నీ కాంట్రాక్ట్ మళ్ల రాయాలె. మీటింగ్ల నోరిప్పితె నేను నీకోసం ఏం సెయ్యలేను" అన్నడు.

"నాకోసం ఏం సెయ్యకు సార్" అన్న. నువ్వు మీ సారుకు సెప్పినట్టే నోట్లెకు వచ్చింది.

శుక్రవారం సంఘం హాల్ల చాప మీద నిలవడి సదివిన. నేను హిందీల సెప్తుంటె జోనే ఈ ఊరి భాషల సెప్పిండు. మారిషస్ పనోళ్లకు ఇంటి జాగ ఎట్లొచ్చిందో సెప్తుంటె ఒక్కరు గూడ యంగోనా గిన్నె ముట్టలే. అయిపోయినంక, కూలీలుగ వచ్చిన మనోళ్ల ఇంటామె ఒకామె లేసి అడిగింది: "ఆడ మిల్లోళ్లకే భూమి ఉన్నది, ఇచ్చిండ్రు. ఈడ భూమంత తాతల సంది ఉన్న దీవోళ్లది, జోనే వాళ్లది. మాకు ఎవరిస్తరు?" ఇద్దరు దానికి జోనే మీద ఎగిరిండ్రు, జోనే వాళ్ల మీద ఎగిరిండు. పెద్ద లొల్లి. ఆఖర్కి జోనే, "గీ మాట మనం ముప్పై ఏండ్ల కిందనే ఒకరినొకరం అడుక్కునేది ఉండె" అని కూసున్నడు. ఆమె అడిగినదానికి నీ చాప్టర్ల జవాబు లేదు బిడ్డా. ఆలోచన చెయ్యి.

నా కాంట్రాక్ట్ మళ్ల రాస్తలేరు. కాయితం వచ్చింది. నాకు రంది లేదు.

"వెనుకబడిన" అన్న మాట సంగతి. జోనేకు సెప్పిన, కోపగించుకుంటడేమో అనుకున్న. "సైన్యం సంగతి నిజమే రాసింది. మా అన్న దాంట్లనే ఉండె" అన్నడు. ఉంచు ఆ మాట.

మామ,
భీమన్న

———

బోధన్,
24 ఫిబ్రవరి 2025

మామా,

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించిన. కొలువు పోయిందన్న కాడ చేతుల బీడీ ఆకు ఆగింది. నాలుగు మాటలు తిడుతదనుకున్న. "వాని గదిల పెట్టిన వడ్లు తీసి సాఫ్ చెయ్యాలె" అని మళ్ల బీడీ చుట్టుకుంట కూసున్నది.

మేనేజర్ మళ్ల పిలిచి, "తప్పయింది అని ఒక ముక్క రాసియ్యి, చూస్త" అంటె రాసియ్యకు. ఎందుకు చెప్తున్ననంటె, బాపు అదే అంటున్నడు, "ఒక్క ముక్కనే గద" అని. నా సారు గూడ ఒక్క చాప్టరే గద అన్నడు.

మీ మీటింగ్ల ఆమె అడిగిన మాట నన్ను నిద్రపోనిస్తలేదు. భూమి ఒకరిది, చెమట ఒకరిది అయిన కాడ సర్కారు ఏం పెట్టాలె? మేడంకు చెప్పిన. "ఏడో చాప్టర్ దొరికింది పో" అన్నది. ఇంకో ఆరు నెలలు.

కమిటీ మార్చి పదహారు, ఆదివారం మళ్ల కూసుంటున్నది. ఈసారి హాల్ల కాదు, మిల్లు గేటు లోపట్నే షెడ్డుల పెడుతున్నరు. ఆ సూటాయన కొత్త నక్ష తెస్తడంట. పనోళ్లకు మూలకు నాలుగు ప్లాట్లు గీసిండంట, అందరికి కలిపి నాలుగు! ఇస్రార్ సాబ్ ఇంటింటికి తిరిగి అందర్ని పిలుస్తున్నడు. మొన్న మా ఇంటికి గూడ వచ్చిండు. గోరి తవ్వింది అన్న మాట ఎత్తలే, నేను గూడ ఎత్తలే. "మీ మామ ఉంటె పాన్ హౌస్ మిషన్ల సంగతి దమ్ముతోని చెప్పేటోడు" అన్నడు. మిషన్లు తుప్పు పట్టినయి, ఇగ నడువయి అని కమిటీకి రిపోర్టు ఇచ్చిండ్రంట. అది నిజమో కాదో చూసి చెప్పే మనిషి మా దిక్కు ఒక్కరు లేరు.

నువ్వు ఎప్పుడొస్తవో రాయి. నిజామాబాద్ స్టేషన్‌కు నేను, అవ్వ వస్తం.

శ్రీవాణి

———

ఫిజీ,
9 మార్చి 2025

శ్రీవాణికి,

మేనేజర్ పిల్సిండు. రాసియ్యలే.

సామాన్లంటె ఒక్క సంచే. రేడియో నారాయణమ్మకిచ్చిన. వద్దు వద్దనుకుంటనే తీసుకొని, "రా" అన్నది. పొమ్మనబోయి రమ్మన్నదో, మళ్ల రమ్మన్నదో నాకు సమజ్ కాలే. జోనే కార్ల విమానం కాడ దించుతనన్నడు.

టికెట్టు దొరికింది. పదహారో తారీకు పొద్దుగాల హైదరాబాద్ల దిగుత. మీరు స్టేషన్‌కు రావద్దు. అక్కను గూడ ఇంట్ల వంట చేసుకుంట కూసోవద్దని సెప్పు. ఇద్దరు సీదా మిల్లు కాడికి పోయి ముందల వరుసల కూసోండ్రి, ఎనుక కూసోకుండ్రి.

మిషన్లు నడుస్తయో నడువయో సూడకుండ నేను ఇక్కడ్నుంచి ఒట్టు పెట్ట. నడువకుంటె నడువయనే సెప్త, మన జాగ మనకియ్యిమని అడుగుత. నడుస్తె, గా సూటాయన నక్ష మీద నిలవడి సెప్త. ఇస్రార్ సాబ్‌కు ఒక్క మాట అందించు: పాన్ హౌస్ తాళం ఎవని కాడున్నదో తెలుసుకొని ఉంచమను.

నేను బస్సు దిగి సంచితోనే వస్త. నాకంటె ముందల వాళ్లు తీర్మానానికి సేతులెత్తమంటె, నేనొచ్చేదాంక ఒక్క సెయ్యి గూడ లేవనియ్యకు.

మీ మామ,
భీమన్న